హెల్మెట్ బదులు గొడుగు పెట్టిన శుక్రవారం

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో అరవై మంది వీరులున్నారు. ఒక ద్రోహం ఉంది. ఏ పాపమూ ఎరగని మనిషి మీద పడ్డ నింద ఉంది. నిజం ఒప్పుకోవడానికి లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్ల మీదుగా పై అంతస్తుకు పరిగెత్తిన ఒక పశ్చాత్తప్తుడు ఉన్నాడు. చదువుతున్నంతసేపూ మీకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

అబద్ధం. ఒక శుక్రవారం ఒకటి ఆఫ్ చేశాను, ఆన్ చేయడం మరిచిపోయాను. జరిగింది అంతే. లిఫ్టు ఆ రోజు బాగానే పనిచేస్తోంది. అందులో మనుషులు ఎక్కువగా ఉన్నారని మెట్లెక్కాను.

అయినా రాస్తున్నాను. ఇప్పుడు బాచుపల్లిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పాఠాలు చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "సార్, సిస్టమ్ అడ్మిన్ జాబ్‌లో ఏం చేస్తారు సార్?" ఏమీ జరగకుండా చూస్తారు అని చెబుతాను. వాళ్లు దాన్ని నోట్సులో రాసుకుంటారు. అది చూసినప్పుడల్లా, ఇంతకంటే కాస్త వివరంగా చెప్పాల్సిన బాధ్యత నాకుందనిపిస్తుంది.

ముందే ఒక మాట. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. హైటెక్ సిటీలో చిప్‌లు డిజైన్ చేసే ఒక కంపెనీలో పదమూడేళ్లు సర్వర్లు చూసుకున్నాను. కంపెనీ ఆ సర్వర్లను వేరే ఊరికి తరలించింది. సర్వర్లు వెళ్లాయి, నేను వెళ్లలేదు. దీన్ని నేను రిటైర్మెంట్ అంటాను. మా నాన్న మాత్రం ఒప్పుకోడు. "రిటైరవడానికి నేను ముప్పై ఆరేళ్లు కష్టపడ్డానురా. నువ్వు మధ్యలో దిగిపోయావు, అంతే" అంటాడు.

నీళ్ల మీటరు

మా ఆఫీసులో అరవై మంది ఇంజనీర్లకు ఒకటే పెద్ద ఫైల్ సర్వర్. చిప్‌ను తయారు చేయించే ముందు, అది ఎలా పనిచేస్తుందో కంప్యూటర్లో నడిపి చూస్తారు. దాన్ని రన్ అంటారు. ఒక్కో రన్ ఇరవై గంటలు నడుస్తుంది. నడిచినంతసేపూ కొండల్లా ఫైళ్లు రాస్తుంది. ఎవరికి వాళ్లు తమ ఫైళ్లే ముఖ్యమనుకుంటారు. ఎవరూ ఏదీ తీసేయరు. అందుకని ఒక్కొక్కరికీ ఇంత స్థలమని హద్దు పెడతాం. అదే కోటా. హద్దు దగ్గరపడితే ముందు హెచ్చరిక వస్తుంది. హద్దు తగిలితే ఇక ఒక్క అక్షరం కూడా రాయనివ్వదు. రాస్తున్న రన్ అక్కడికక్కడే చస్తుంది.

దీన్ని నాకు నేర్పింది యాదగిరన్న. మా సీనియర్. కోకాపేట పక్క ఊరివాడు. వాళ్ల జొన్నచేను ఉన్నచోట ఇప్పుడు నలభై అంతస్తుల టవర్ ఉంది. "మా చేనుకు ఎవడూ లిమిట్ పెట్టలే తమ్మి, అందుకే గట్ల పెరిగింది" అంటాడు. అంతకుమించి ఆ విషయంలో బాధపడటం నేను చూడలేదు.

నేను చేరిన మొదటి వారం టీ తాగుతూ అడిగాడు. "మీ ప్రగతి నగర్‌ల ఎండాకాలం ట్యాంకర్ నీళ్లే గదా?"

"అవునన్నా."

"ఒక ఫ్లాటోడు నల్లా ఇడిచిపెట్టి ఊరికి పోయిండనుకో. మిగిలినోళ్ల సంగతేంది?"

"బకెట్లు పట్టుకుని లైన్లో నిలబడతారు."

"అందుకే ఫ్లాటుకో మీటర్ పెడతరు. గదే కోటా. ఇప్పుడు చెప్పు, మీటర్లు తీసేస్తే ఏమైతది?"

"ఎవరికి కావలసినన్ని నీళ్లు వాళ్లు వాడుకుంటారు."

"గది సగమే. లెక్క సుత ఆగిపోతది. వారం తర్వాత మళ్ల అదే మీటర్ పెట్టినవనుకో, పాత రీడింగే చూపిస్తది. మధ్యల ఎవడెంత వాడిండో, ఎవడెంత మిగిల్చిండో దానికేం ఎరుక? అందుకే కోటా ఆఫ్ చేసినంక, ఆన్ చేసే ముందు అందరినీ ఆపి, డిస్కు మొత్తం మళ్ల లెక్కవెట్టాలె. సమజైందా?"

సమజైందని తలూపాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. తల ఊపడం వేరు, అర్థం కావడం వేరు. రెండూ ఒకే మెడతో జరుగుతాయి కాబట్టి బయటివాళ్లు తేడా కనిపెట్టలేరు.

తలంబ్రాల కేసు

నింద కథలోకి వెళ్లేముందు ఒక చిన్న కేసు. ఒకసారి సర్వర్ మీద ఒక ఫోల్డర్ రోజురోజుకీ ఉబ్బుతోంది. దాని పేరు 'ఫైనల్ టెస్ట్ డేటా'. ఫైనల్ అని పేరున్న ఏ ఫైలూ ఫైనల్ కాదని మాకు అనుభవం. యాదగిరన్న తెరిచి చూశాడు. లోపల మూడో అంతస్తులోని ఒకాయన చెల్లెలి పెళ్లి వీడియో, పసుపు దంచడం నుంచి అప్పగింతల దాకా, మూడు కెమెరాల్లో.

మేనేజర్‌కు రాద్దామన్నాను నేను. కొత్తగా చేరానుగా, న్యాయం మీద ప్రీతి ఎక్కువ. యాదగిరన్న నా మాట వినలేదు. నేరుగా ఆయన డెస్కు దగ్గరికే వెళ్లి, భుజం మీద చెయ్యేసి, "తమ్మి, తలంబ్రాలు మస్తు జరిగినయ్. పిల్లగాడు సుత మంచిగున్నడు. గని సర్వర్ల కాపురం వద్దు, ఇంటికి తోలు" అన్నాడు. సాయంత్రానికి ఫోల్డర్ ఖాళీ. ఆ పెద్దమనిషి తర్వాత ఎప్పుడూ హద్దు దాటలేదు. పైగా ప్రతి పండక్కీ మాకు లడ్డూలు తెచ్చేవాడు.

నేను చూసినంతవరకు హద్దు దాటేవాళ్లలో దొంగలు తక్కువ, సోమరులు ఎక్కువ. దొంగను పట్టుకోవడానికి నిఘా కావాలి. సోమరికి భుజం మీద చెయ్యి చాలు.

హెల్మెట్ నియమం

చిప్ డిజైన్ గడువు దగ్గరపడితే ప్రతి టీమ్ లీడూ మా దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే. "కోటా ఒక్క రెండు గంటలు తీసేయండి." మా మేనేజర్ రంగారావు గారిది కాకినాడ. ఎవరినీ నొప్పించలేని మనిషి. "తాత్కాలికంగానే కదండి, ఇచ్చేద్దామండి" అనేవారు. ఆఫ్ చేయడానికి రెండు క్షణాలు పడుతుంది. ఆ క్షణం నుంచి దాని గురించి అందరూ మరిచిపోతారు. ఆన్‌లో ఉన్న కోటా మీద అరవై మంది ఫిర్యాదు చేస్తారు. ఆఫ్‌లో ఉన్న కోటా మీద ఒక్కడు కూడా చేయడు. ఈ ఉద్యోగంలోని అసలు ప్రమాదం ఇదే. మన పొరపాటు వల్ల అందరూ సుఖంగా ఉంటే, ఎవరూ వచ్చి గుర్తుచేయరు.

దీనికి యాదగిరన్న ఒక నియమం పెట్టాడు. కోటా ఆఫ్ చేసినవాడు తన హెల్మెట్ తెచ్చి అడ్మిన్ గదిలోని మానిటర్ మీద పెట్టాలి. లెక్క చేసి, ఆన్ చేసిన తర్వాతే దాన్ని ముట్టుకోవాలి. హెల్మెట్ లేకుండా బండి మీద గేటు దాటితే కొత్తగూడ చౌరస్తాలో పోలీసు ఫొటో తీస్తాడు. కాబట్టి ఇంటికి బయల్దేరాక ఎవడైనా వెనక్కి రావలసిందే. రిమైండర్ సాఫ్ట్‌వేర్లు మేమూ వాడాం. వాటిని నొక్కి మూసేయొచ్చు. హెల్మెట్‌ను మూసేయలేం. ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా ఈ నియమం తప్పలేదు.

తర్వాత వాన పడింది.

శుక్రవారం

బోనాల నెల. ఆదివారం ఇంట్లో బోనం ఉందని యాదగిరన్న శుక్రవారం సెలవు పెట్టాడు. తెల్లవారి నుంచి ఒకటే వాన. నేను బండి తీయకుండా మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి కారులో ఆఫీసుకు వచ్చాను.

మధ్యాహ్నం మూడింటికి ఫణి గారు వచ్చారు. ఆయనొక టీమ్ లీడ్. భీమవరం వైపు మనిషి. ఎప్పుడూ తొందర, ఆ తొందరలోనూ మర్యాద. "రమణ గారూ, మా టీమ్‌లో రన్లు హద్దు తగిలి ఆగిపోతున్నాయండి. మిగతావి నా పేరు మీద నడిపించేస్తాను. సాయంత్రం దాకా కోటా తీసేయండి. మీ కాళ్లు పట్టుకుంటానండి" అన్నారు. కాళ్లు పట్టుకోలేదు. రంగారావు గారికి ఫోన్ చేస్తే, "ఆరింటివరకేనండి, తాత్కాలికంగా" అన్నారు. ఆఫ్ చేశాను.

నియమం గుర్తొచ్చింది. చుట్టూ చూశాను. హెల్మెట్ ఇంట్లో ఉంది. బుర్రకు పదును పెట్టాను. నియమంలోని సారాంశం ఏమిటి? ఏది లేకుండా ఇంటికి వెళ్లలేమో అది పెట్టాలి. కిటికీ బయట ఆకాశం చిల్లుపడినట్టు కురుస్తోంది. నా నల్ల గొడుగు తెచ్చి మానిటర్ మీద అడ్డంగా పెట్టాను. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

ఆరింటికి వాన ఆగింది. కాస్త ఎండ కూడా వచ్చింది. సెక్రటరీ గారు గేటు దగ్గర హారన్ కొడుతున్నారు. "ఫ్లైఓవర్ జామ్ కాకముందే రావయ్యా!" వెళ్లిపోయాను.

వాన ఆగగానే మనిషి మొట్టమొదట మరిచిపోయే వస్తువు ఏమిటో లోకంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. శుక్రవారం మూడింటికి మాత్రం తట్టలేదు.

శని, ఆదివారాలు హాయిగా నిద్రపోయాను. తప్పు చేశామన్న బాధ కలగాలంటే ముందు తప్పు గుర్తుండాలి కదా.

సోమవారం

సోమవారం మళ్లీ వాన. "నీ గొడుగేది?" అంది మా ఆవిడ. "ఆఫీసులో ఉండి ఉంటుంది" అన్నాను. ఆ జవాబులోనే మొత్తం సమాచారం ఉంది. నోటికి తెలిసింది, బుర్రకు తెలియలేదు. ఆమె గులాబీ పూల గొడుగు వేసుకుని తొమ్మిదిన్నరకు అడ్మిన్ గదిలో అడుగుపెట్టాను. మానిటర్ మీద నల్ల గొడుగు నా వంక చూస్తోంది.

మరిచిపోవడం వరకు నన్ను నేను క్షమిస్తాను. ఆ తర్వాత చేసినదే అసలు తప్పు. లెక్క పెట్టాలంటే అరవై మంది పనినీ నలభై నిమిషాలు ఆపాలి. ఎందుకని అడుగుతారు. చెప్పాలి. లెక్క లేకుండా ఆన్ చేస్తే రెండు క్షణాలు. ఎవరికీ తెలియదు. గదిలో ఎవరూ లేరు. ఆన్ చేసి, నల్ల గొడుగును టేబుల్ కిందికి తోసేశాను.

పదకొండింటికి మాధవి వచ్చింది. ఫణి గారి టీమ్‌లో ఆరు నెలల కాంట్రాక్టు మీద చేరిన అమ్మాయి. కరీంనగర్. ఆమె గొంతు పెద్దది, ఆ రోజు మాత్రం చిన్నగా ఉంది.

"అన్నా, నా రన్ సచ్చిపోయింది."

"ఎన్ని గంటలు నడిచింది?"

"పదిహేడు. ఇంకో మూడు గంటలైతే అయిపోతుండె. కోటా అయిపోయిందంటున్నది. ఎట్ల అయితదన్నా? నేను శనివారం ఆఫీసుకొచ్చి పొద్దంత కూసొని పాతయన్ని తీసేసిన. సగం కంటె ఎక్కువ ఖాళీ చేసిన. రేపు పదింటికి నా రివ్యూ. పర్మనెంట్ చేస్తరా, పంపిస్తరా అన్నది రేపే తేలుతది. ఈ రిజల్ట్ లేకుంటే హాస్టల్ ఖాళీ చేసి కరీంనగర్ బస్సెక్కుడే."

ఆమె ఫోల్డర్ చూశాను. నిజంగానే సగానికి పైగా ఖాళీ. కోటా మాత్రం నిండిపోయిందంటోంది. ఒక్క క్షణంలో అర్థమైంది. యాదగిరన్న టీ తాగుతూ చెప్పిన మాట అర్థం కావడానికి నాకు ఆరేళ్లు పట్టింది. శనివారం ఆమె తీసేసిన ఫైళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే అప్పుడు మీటరు లేదు. నేను మళ్లీ పెట్టిన మీటరు శుక్రవారంనాటి రీడింగ్ నుంచి లెక్క మొదలుపెట్టింది. అదే న్యాయం ప్రకారం శని, ఆదివారాల్లో విచ్చలవిడిగా రాసినవాళ్లంతా సర్వర్ దృష్టిలో పరమ పొదుపరులు. ఇల్లు ఊడ్చిన మనిషికి శిక్ష, చెత్త పోసినవాళ్లకు సన్మానం.

"చిన్న గ్లిచ్" అన్నాను. ఈ వృత్తిలో గ్లిచ్ అంటే 'నేనే చేశాను, చెప్పను' అని అర్థం. ఆమె హద్దు పెంచాను. పదకొండున్నరకు రన్ మళ్లీ మొదలుపెట్టింది. ఇరవై గంటలంటే మంగళవారం ఉదయం ఏడున్నర. రివ్యూ పదింటికి. సరిపోతుంది. బతికిపోయాం అనుకున్నాను. బహువచనం వాడాను గానీ, బతికింది నేను.

పన్నెండింటికి, ప్రతి సోమవారంలాగే, ఎవరెంత స్థలం వాడుతున్నారో చెప్పే నివేదిక లీడ్లందరికీ దానంతట అదే వెళ్లింది. అది తయారయ్యేది కోటా లెక్క నుంచే. పది నిమిషాల్లో ఫణి గారు కాగితం పట్టుకొచ్చారు. పైన ఎర్రగా ఒకే పేరు. మాధవి.

"చూశారా రమణ గారూ! శుక్రవారం నేను మిమ్మల్ని బతిమాలుకోవలసి వచ్చింది ఎవరివల్లో తెలిసిందండి. మా టీమ్‌లో హద్దు దాకా తినేసింది ఈ అమ్మాయే. ఈ కాగితం రేపు రివ్యూలో పెడుతున్నానండి. పని వస్తే చాలదు కదండి, నలుగురితో సర్దుకోవడం రావాలి."

ఆ నివేదికలో ఫణి గారి పేరు అట్టడుగున, పచ్చగా మెరుస్తోంది.

"చూస్తానండి" అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

రెండు గొడుగులు

పొద్దుటిపూట సెలవు పెట్టిన యాదగిరన్న అప్పుడే వచ్చాడు. నుదుటిన పసుపు ఇంకా పోలేదు. కుర్చీ జరిపి, టేబుల్ కింద చూసి ఆగాడు.

"రెండు గొడుగులేంది తమ్మి? నీకు తల ఒక్కటే గదా."

చెప్పాను. మొత్తం. ఆయన మధ్యలో ఒక్కసారి మాత్రం అడ్డొచ్చాడు, గొడుగు దగ్గర. "గొడుగా?" అన్నాడు. "హెల్మెట్ బదులు గొడుగా?" లెక్క ఎగ్గొట్టానంటే అంత బాధపడలేదు.

"అందరూ వెళ్లిపోయాక, రేపు సాయంత్రం లెక్క చేసేస్తానన్నా. ఎవరికీ తెలియదు" అన్నాను.

"రేపు పదింటికే ఆ కాగితం రివ్యూల పెడతరు. సాయంత్రం నువ్వు లెక్క సరిజేస్తే, ఆ పిల్ల ఎక్కిన బస్సు వాపస్ వస్తదా?"

ఇంకో సాకు వెతికాను.

"అరవై మందిని ఆపితే ఎందుకని అడుగుతారన్నా."

"అడుగుతరు. చెప్పాలె. గంతే గదా! గిండ్ల పరేషాన్ ఏముంది?"

అప్పుడే మెట్లెక్కాను.

రంగారావు గారు పెరుగన్నం డబ్బా విప్పుతున్నారు. నేను మెట్ల మీద తయారు చేసుకున్న ప్రసంగం మొదలుపెట్టాను. బాధ్యత, అంతరాత్మ అంటూ రెండు వాక్యాలయ్యాయో లేదో, ఆయన చెయ్యెత్తారు.

"ఆగండాగండి. ఉద్యోగం మానేస్తున్నారా ఏమిటి?"

"లేదండి."

"అమ్మయ్య. మరేమిటండి?"

"కోటా ఆన్ చేయడం మరిచిపోయానండి. ఈ ఉదయం లెక్క చేయకుండా ఆన్ చేశాను. నివేదిక తప్పు. మాధవి గారిది తప్పేం లేదు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదండి. లెక్కకు ఎంతసేపు?"

"నలభై నిమిషాలు. అందరి రన్లూ చంపకుండా నిద్రపుచ్చొచ్చు. లెక్కయ్యాక ఎక్కడివక్కడ లేస్తాయి."

"ఒంటిగంటకు చేసేయండి, ఎలాగూ భోజనాల టైమే. మెయిల్ పెట్టండి."

అక్కడే కూర్చుని రాశాను. పెద్ద పేరాలు మూడు. ఆయన చదివి, రెండున్నర పేరాలు కొట్టేశారు. మిగిలింది ఇది: 'శుక్రవారం డిస్కు హద్దులు ఆపి, తిరిగి పెట్టడం మరిచిపోయాను. ఈ ఉదయం లెక్క చూడకుండా పెట్టాను. అందువల్ల ఈ రోజు నివేదిక తప్పు. మాధవి గారు శనివారమే తన ఫైళ్లు తీసేశారు. ఒంటిగంట నుంచి నలభై నిమిషాలు సర్వర్ ఆపి మళ్లీ లెక్కిస్తాం.'

చివర్లో ఆయన 'మరిచిపోయాను'ను 'మరిచిపోయాం'గా మార్చబోయారు. ఆయన గొప్పతనం అది. మంచి జరిగితే మా పేర్లు రాసేవారు, చెడు జరిగితే 'మేము' అని రాసేవారు. అలాంటి మేనేజర్ కింద పనిచేయడం అదృష్టం. ఆ అదృష్టాన్ని అలవాటు చేసుకోకపోవడం మన పని.

"వద్దండి" అన్నాను. "మేము అంటే యాదగిరన్న కూడా అనుకుంటారు. ఆయన బోనాల సెలవులో ఉన్నాడు."

ఆయన "సరేనండి" అని పెరుగన్నం వైపు తిరిగారు.

నలభై నిమిషాలు

మెయిల్ పంపి స్క్రీన్ ముందే కూర్చున్నాను. అరవై మంది ఇంజనీర్లు. ఏమంటారో? మొత్తం మూడు జవాబులు వచ్చాయి. ఒకరు ఓకే అన్నారు. ఒకరు సెలవులో ఉన్నారని వాళ్ల మెయిలే చెప్పింది. మూడో ఆయన, పనిలో పనిగా మూడో అంతస్తు ప్రింటర్ కూడా చూడమన్నాడు. నా జీవితంలో అతిపెద్ద ఒప్పుకోలుకు లోకం ఇచ్చిన విలువ ఇంతే. ఇది తెలిసుంటే తొమ్మిదిన్నరకే చెప్పేవాణ్ణి.

ఒక్క జవాబు మాత్రం నడిచి వచ్చింది. మాధవి.

"అన్నా, మళ్ల ఆపుతరా నా రన్?"

"చంపం. నిద్రపుచ్చుతాం. నలభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఎనిమిదీ పదికి పూర్తవుతుంది."

"మళ్ల గ్లిచ్ రాదుగదా?"

"గ్లిచ్ ఇక్కడే కూర్చుని ఉంటుంది. ఎక్కడికీ పోదు."

ఆమె నవ్వలేదు. "ఎనిమిదీ పది" అని చేతి మీద పెన్నుతో రాసుకుని వెళ్లింది.

ఒంటిగంటకు అరవై మందీ ఒకేసారి క్యాంటీన్‌కు వెళ్లారు. బగారా అన్నం అయిపోయి క్యాంటీన్ ఆయన నన్ను తిట్టాడు. ఆ రోజు నామీద కోప్పడ్డది ఆయన ఒక్కడే. ఈలోగా సర్వర్ ఒక్కో ఫైలునూ పలకరించుకుంటూ పోతోంది. యాదగిరన్న, నేను గదిలో కూర్చుని, బోనాల ప్రసాదం పులిహోర తిన్నాం.

ఒకటీ నలభై ఒకటికి లెక్క పూర్తయింది. ఆన్ చేశాం. కొత్త నివేదిక పంపాం. మాధవి పేరు కింద నుంచి నాలుగోది. పైన, ఎర్రగా, మిగతా అందరికంటే ఎంతో ఎత్తున, ఫణి గారు.

ఆయన వచ్చారు. పాత కాగితం చేతిలోనే ఉంది. నాలుగు మడతలు పెట్టారు, విప్పారు, మళ్లీ పెట్టారు.

"నేనేనాండి?"

"మీరేనండి."

"అంతా?"

"శని, ఆదివారాలు మీ రన్లు బాగా నడిచాయండి."

ఆ మడతలు చూస్తూ అన్నారు, "మీరు ఆ మెయిల్ పెట్టకపోతే, రేపు ఈ కాగితం టేబుల్ మీద పెట్టి, ఆ అమ్మాయి మొహం చూసి మాట్లాడేవాణ్ణండి." కాగితం చింపి చెత్తబుట్టలో వేశారు. ఆ మధ్యాహ్నం ఫణి గారు ఫైళ్లు తీసేస్తూ కూర్చున్నారు. ఆయన టీమ్‌వాళ్లు ఫొటో తీసుకున్నారు.

మంగళవారం

ఎనిమిదింటికే ఆఫీసుకు వెళ్లాను. బండి మీద, హెల్మెట్‌తో. మాధవి అప్పటికే స్క్రీన్ ముందు ఉంది. ఎనిమిదీ పది దాటి రెండు నిమిషాలకు రన్ ముగిసింది. స్క్రీన్ మీద పెద్ద ఎర్ర అక్షరాల్లో ఫలితం: ఫెయిల్.

"అయ్యో, సారీ అమ్మా..." అంటుండగా ఆమె కుర్చీలోంచి ఎగిరింది.

"దొరికింది! అన్నా, దొరికింది! నేను చెప్తనే ఉన్న, ఆ పాయింట్ కాడ చిప్ తప్పు చేస్తదని. ఎవ్వరు నమ్మలే!"

పరీక్షించేవాళ్ల ఉద్యోగం అలాంటిది. చిప్ ఫెయిలైతే వాళ్లు పాస్. ఆరేళ్లు వాళ్ల ఫైళ్లకు కాపలా కాసి, ఆ ఫైళ్లలో ఏముంటుందో నేను ఒక్కసారీ అడగలేదు. ఇదీ రాసుకోండి. మీరు కాపలా కాసేది ఏమిటో అప్పుడప్పుడూ అడగండి.

పదింటికి రివ్యూ. పదకొండింటికి మాధవి పర్మనెంట్. రివ్యూలో ఫణి గారే ముందు మాట్లాడారట. చిప్‌లో తప్పు పట్టుకుందని చెప్పి, "పైగా స్థలం పొదుపుగా వాడుతుందండి, మా అందరికంటే" అన్నారట. నాకు ఈ సంగతి మాధవే చెప్పింది, మిఠాయి డబ్బాతో వచ్చి.

క్షమాపణ చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. ఆమె నా టేబుల్ కింద చూస్తోంది.

"గా గొడుగేనా అన్నా?"

"గొడుగు సంగతి నీకెవరు చెప్పారు? మెయిల్‌లో రాయలేదే."

"యాదగిరన్న. నాకు కాదు, ఫ్లోర్ మొత్తానికి చెప్పిండు."

ఆ రోజు నుంచి ఆ బిల్డింగ్‌లో నా పేరు గొడుగన్న. కొత్తగా చేరినవాళ్లు కొందరు అదే ఇంటిపేరనుకున్నారు. ఏళ్ల తర్వాత నేను వెళ్లిపోయేరోజు అందరూ కలిసి ఒక మంచి గొడుగు బహుమతిగా ఇచ్చారు. అప్పటికి మాధవే టీమ్ లీడ్, ఆవిడే నా చేతికి అందించింది. అందరూ చప్పట్లు కొట్టారు, యాదగిరన్న కళ్లు తుడుచుకున్నాడు. ఆ గొడుగు క్యాబ్‌లో మరిచిపోయాను.

ఇక మీకు పనికొచ్చే మాట. ఆ సంఘటన తర్వాతి ఏడాది మేం సర్వర్ మార్చాం. కొత్తదానిలో ఫైళ్లు దాచే పద్ధతి వేరు: కోటా ఆఫ్ చేస్తే హద్దు మాత్రమే పోతుంది, లెక్క ఆగదు. మళ్లీ ఆన్ చేసినప్పుడు డిస్కంతా లెక్కపెట్టనక్కర్లేదు. అంటే పైన చెప్పిందేదీ మీకు జరగదు. ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో అనుమానం వస్తే, ఇంగ్లిష్‌లో కోటాఆన్ అని కలిపి కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, చిన్న పి, చిన్న ఎ అక్షరాలు పెట్టి ఎంటర్ నొక్కండి. అదే చెబుతుంది.